అష్టభోగములు - చమురు కౌలు

నిధి, నిక్షేప, జల, పాషాణాది అష్టభోగములతో భూమిని దఖలుపరచితిమని మన పూర్వులు దస్తావేజులయందు వ్రాయించుట వాడుక. ఆ మాటలు నేడు మనకు వ్రాతగాని అలంకారములుగా తోచును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్లు కాదు. అచ్చట ఖనిజ హక్కును వేరుగా విక్రయించి యుండనిచో, నేల యజమానియే క్రింది చమురునకును వాయువునకును యజమాని. కావున చమురు కంపెనీవారు కౌలు పత్రము చేతబట్టుకొని రైతు వాకిటికే వత్తురు. ఆ పత్రమును తూచుటలో అచ్చటి భూస్వాములు పొందిన అనుభవము మనకును పాఠము కాదగియున్నది.

1859లో డ్రేక్ తొలి చమురు బావిని త్రవ్వించిన పెన్సిల్వేనియా రాష్ట్రమునందే, 2004లో మార్సెల్లస్ అను లోతైన షేల్ రాతిపొరలోనికి క్రొత్త తరహా వాయు బావులు దిగనారంభించెను. తొలుత సంతకము చేసినవారిలో పలువురికి ఎకరమునకు ముట్టిన బోనసు కొలది డాలర్లు మాత్రమే. 2008 నాటికి కొన్ని తావులలో అది 2,000 డాలర్లను మించెను. గట్టునకు ఈవల నావల ఒకే పొర, ఒకే వాయువు; తొందరపడినవానికి చిల్లర, ఓర్చినవానికి మూట!

తొందరకు కారణము లేకపోలేదు. 1889లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము చమురును, వాయువును అడవి మృగములతో పోల్చెను. పొరుగు నేలకు తరలినచో వాటిపై వెనుకటి యజమానికి స్వామ్యము లేదు. “మీరు కాదన్న పొరుగువారి బావిలోనికే పోవును” అని ఏజంటు భయపెట్టుట దీనిని పట్టియే. అయితే దట్టమైన షేల్ పొరలో వాయువు దానంతట పారదు. రాతిని చీల్చి రాబట్టవలయును. కావున విచారించుకొనుటకు వ్యవధి కలదు.

విచారింపవలసినది బోనసు మొత్తమును కాదు, పత్రములోని మాటలను. రాయల్టీ 8వ వంతునకు తగ్గరాదని 1979లో అచ్చట శాసనము పుట్టెను. కాని వాయువు పైకి వచ్చిన పిమ్మట శుద్ధికిని రవాణాకును అగు ఖర్చులను మినహాయించి ఆ వంతును లెక్కింపవచ్చునని 2010లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. పత్రములో ఈ మినహాయింపును నిషేధింపనివాని వంతు ఇంటికి చేరునప్పటికి చిక్కిపోవును. గడువు మాటయు నట్టిదే. ఇన్ని యేండ్లని వ్రాసి, “ఉత్పత్తి జరుగునంత కాలము” అని చేర్చుదురు. ఒక్క బావి కొద్దిగా పారుచున్నను, వేరు షరతు లేనిచో, యావత్తు భూమియు తరములు కట్టుబడి యుండవచ్చును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? అందుకే పలుచోట్ల రైతులు వేలకొలది ఎకరములను ఒక్క సంఘముగా జతపరచి, న్యాయవాదిని పెట్టుకొని, ఒక్క నోటితో బేరమాడిరి. ఒంటరివానికి దొరకని షరతులు వారికి దొరికెను.

ఇక మన మాట. మన దేశములో చమురు హక్కు రైతుది కాదు. కోనసీమ నేలలోని వాయువుపై రాయల్టీ ప్రభుత్వ ఖజానాకు చేరును. రైతునకు పైనేలకు కౌలో పరిహారమో మాత్రమే. గొట్టపు మార్గమునకు 1962 నాటి చట్టము వినియోగ హక్కు క్రింద నిర్ణయించిన మూల్యము భూమి ధరలో నూటికి 10 వంతులు. ఆ మార్గముపై చెట్టు నాటరాదు, బావి త్రవ్వరాదు. కొబ్బరియే జీవనమైన సీమలో దీని భావమేమో చెప్పనక్కరలేదు. ప్రమాదము మాత్రము సంపూర్ణముగా గ్రామమునదే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండెను; 2014 జూన్ 27న నగరములో గొట్టము పేలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. గనుల జిల్లాలకు వంతు పెట్టు 2015 నాటి ఖనిజ నిధి ఏర్పాటు సయితము చమురునకు వర్తింపదు.

అమెరికా హక్కును మేము యథాతథముగా కోరుట లేదు. భూగర్భ సంపద జాతి సొత్తగుట న్యాయమే. కాని జాతికి సంపదను, గ్రామమునకు మంటను పంచుట న్యాయము కాదు. ఆ రాయల్టీలో నిర్ణీత భాగము ఆ గ్రామములకే చెందునట్లు శాసనము కావలయును. అంతవరకు మన రైతులు పైనేల పత్రముపై ఒంటరిగా సంతకము చేయక, ఊరంతయు కూడి గడువు, పంటనష్టము, నీటి రక్షణ, నేలను తిరిగి చక్కపరచు బాధ్యత అను నాలుగింటిని వ్రాయించుకొందురు గాక. అష్టభోగములు పోయినను, అడుగు హక్కు మనకింకను మిగిలియున్నది.