ఇంటి కంప్యూటర్: కొనుగోలా? కూర్పా?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నది తెలుగువారి సామెత. పని నెత్తిన వేసుకొన్నవారికే అందులోని కష్టసుఖాలు తెలుస్తాయని దాని భావం. నేటి మధ్యతరగతి గృహాలలో కంప్యూటర్ విషయంలోనూ ఇటువంటి మాటే వినవస్తున్నది. పిల్లలు ఇంటర్మీడియట్ ముగించి పైచదువులకు సిద్ధమయ్యే వేళకు ఇంటికి ఒక కంప్యూటర్ కావలసి వస్తుంది. నెల జీతంతోనో, పంట రాబడితోనో గడిచే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. పేరున్న సంస్థ తయారుచేసిన యంత్రాన్ని కొంటే నిశ్చింతగా ఉండవచ్చునని ఒకరు చెబుతారు. విడిభాగాలు కొని కూర్చుకొంటే అదే డబ్బుకు మేలైన యంత్రం వస్తుందని మరొకరు వాదిస్తారు. ఈ రెండు మార్గాలలో ఏది మేలన్న ప్రశ్నకు ధర ఒక్కటే సమాధానం చెప్పజాలదు. యంత్రం మొరాయించిననాడు దాని బాధ్యత ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

కంప్యూటర్‌ను కూర్చుకొనే అలవాటు కొత్తది కాదు. అది వ్యక్తిగత కంప్యూటర్‌తోపాటే పుట్టింది. 1976లో ఆపిల్ సంస్థ విక్రయించిన తొలి కంప్యూటర్ నిజానికి ఒక సర్క్యూట్ బోర్డు మాత్రమే. దాని ధర 666 డాలర్ల 66 సెంట్లు. పెట్టె, కీబోర్డు, తెర, విద్యుత్తును అందించే పరికరం కొన్నవారే సమకూర్చుకోవలసి వచ్చేది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. అందులోని ప్రాసెసర్ ఇంటెల్ సంస్థది. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ సంస్థ అందించినది. బజారులో దొరికే భాగాలతో దానిని నిర్మించడం వల్లను, సాంకేతిక వివరాలను ప్రచురించడం వల్లను దానికి సరిపోలే యంత్రాలను ఇతర సంస్థలు కూడా తయారుచేయగలిగాయి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. మదర్‌బోర్డు కొలతలు, మరలు బిగించే రంధ్రాల స్థానాలు, విద్యుత్తును అందించే విధానం అందులో నిర్ణయమయ్యాయి. ఒక సంస్థ చేసిన క్యాబినెట్‌లో వేరొక సంస్థ మదర్‌బోర్డు నేటికీ ఇమిడిపోవడానికి ఇటువంటి ఉమ్మడి ప్రమాణాలే కారణం. సామాన్యుడు తన ఇంట్లో కంప్యూటర్‌ను కూర్చుకోగలుగుతున్నాడంటే అది ఈ ప్రమాణాల పుణ్యమే.

భారతదేశంలో ఈ అలవాటు 1990లలో, 2000లలో విస్తరించింది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ వీధి, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ విడిభాగాల విక్రయానికి పేరుపొందాయి. జిల్లా కేంద్రాలలోని చిన్న దుకాణదారులు అటువంటి పెద్ద బజార్ల నుండి భాగాలు తెచ్చి, కూర్చి, ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అన్న పేరుతో అమ్మేవారు. ఎన్నో ఇళ్ళకు, ఇంటర్నెట్ కేంద్రాలకు, డి.టి.పి. దుకాణాలకు, శిక్షణ కేంద్రాలకు చేరిన తొలి కంప్యూటర్లు అవే. పెద్ద సంస్థల యంత్రాలకంటే అవి చౌకగా లభించేవి. ఆ చౌకదనంలో కొంత దుకాణదారుని శ్రమవల్ల వచ్చినదే. మరికొంత బిల్లు లేని అమ్మకంవల్ల, లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌వల్ల వచ్చినదన్న మాట కూడా దాచవలసిన పని లేదు. ఆ కాలపు జ్ఞాపకమే నేటికీ ‘కూర్చుకొంటే చౌక’ అన్న నమ్మకాన్ని నిలిపి ఉంచుతున్నది.

ఆ నమ్మకాన్ని ఇప్పుడు తిరిగి పరీక్షించుకోవాలి. 2005 నాటికే హెచ్.సి.ఎల్. వంటి సంస్థలు పదివేల రూపాయల లోపు ధరకు కంప్యూటర్‌ను అందించే ప్రయత్నం చేశాయి. పెద్ద సంస్థ భాగాలను లక్షల సంఖ్యలో కొంటుంది కనుక ఒక్కొక్క భాగం దానికి తక్కువ ధరకు వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు కూడా అంతే. ఒక్క యంత్రానికి సరిపడా భాగాలు కొనే కుటుంబానికి ఆ సౌలభ్యం ఉండదు. పైగా విడిభాగాల ధరలు నిలకడగా ఉండవు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న డేటా కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. అందువల్ల ఉత్తరాలు రాసుకోవడానికి, పాఠాలు వినడానికి, దరఖాస్తులు నింపడానికి పనికివచ్చే సాధారణ కంప్యూటర్‌ను కూర్చుకొంటే డబ్బు మిగులుతుందన్న హామీ లేదు. చిత్రాల కూర్పు, వీడియోల తయారీ, ఇంజనీరింగు నమూనాల రచన వంటి బరువైన పనులకు కావలసిన యంత్రాల విషయంలోనే కూర్పువల్ల లాభం స్పష్టంగా కనిపిస్తుంది.

సిద్ధంగా ఉన్న యంత్రాన్ని కొనడంలో మరొక సుఖం ఉన్నది. అందులో ఏ భాగం చెడినా జవాబుదారీ వహించవలసినది ఒక్కరే. కూర్చుకొన్న యంత్రంలో అలా కాదు. చాలా ప్రాసెసర్లకు, మదర్‌బోర్డులకు మూడేళ్ళ వారంటీ ఉండే మాట నిజమే. కాని యంత్రం వెలగకపోతే తప్పు ర్యామ్‌దా, మదర్‌బోర్డుదా, ఎస్.ఎం.పి.ఎస్.దా అని తేల్చుకోవలసిన భారం కొన్నవారిదే. భాగాలు అమ్మిన దుకాణాలు నాలుగైతే నాలుగు గుమ్మాలు ఎక్కవలసి వస్తుంది. పట్టణానికి దూరంగా ఉన్న పల్లెలో, పరీక్షలు దగ్గరపడిన రోజులలో ఈ భారం సామాన్యమైనది కాదు. వసతిగృహంలో ఉండి చదివే విద్యార్థికి, కరెంటు కోతలున్న ఊరివారికి లాప్‌టాప్ అనుకూలం. దానిని ఇంట్లో కూర్చుకొనే వీలు దాదాపు లేదు. డెస్క్‌టాప్‌ను ఎంచుకొనేవారు యూపీఎస్ ధరను కూడా లెక్కలో చేర్చుకోక తప్పదు.

అయితే నిశ్చింతకు కూడా ఒక వెల ఉన్నది. చౌక యంత్రాలలో తయారీదారులు కంటికి కనిపించని చోట్ల పొదుపు చేస్తారు. ప్రాసెసర్ పేరును పెద్ద అక్షరాలలో ముద్రించి, ర్యామ్‌ను మాత్రం అవసరానికి చాలీచాలనంతగా అమర్చుతారు. పలుచని లాప్‌టాప్‌లు అనేకం ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి వస్తున్నాయి. దానిని తరువాత పెంచుకోవడం సాధ్యం కాదు. కొన్ని డెస్క్‌టాప్‌లలోని ఎస్.ఎం.పి.ఎస్. ఆ సంస్థ యంత్రాలకు తప్ప వేరొకదానికి సరిపోదు. చిన్న భాగం చెడినా తయారీదారు చెప్పిన ధరే చెల్లించాలి. అటువంటి యంత్రం చౌకగా వచ్చినట్లు కనిపించినా, నాలుగేళ్ళ తరువాత అది కుటుంబాన్ని మళ్ళీ అంగడి మెట్లెక్కిస్తుంది.

కూర్పులోని అసలు లాభం ఇక్కడే బోధపడుతుంది. అది డబ్బు కంటే తెలివిడికి సంబంధించినది. తన చేతితో మదర్‌బోర్డుపై ప్రాసెసర్‌ను అమర్చిన విద్యార్థికి కంప్యూటర్ ఇక మాయపెట్టె కాదు. డి.డి.ఆర్.4 ర్యామ్ డి.డి.ఆర్.5 గాడిలో ఎందుకు దిగదో, పాత హార్డ్‌డిస్క్‌ను తీసి ఎస్.ఎస్.డి. అమర్చగానే మందకొడి యంత్రం ఎందుకు చురుకవుతుందో అతనికి కళ్ళారా తెలుస్తుంది. యంత్రం మొరాయిస్తే ముందు ఏ తీగను చూడాలో, ఏ భాగాన్ని తీసి మళ్ళీ బిగించాలో తెలుస్తుంది. మరమ్మతుదారు చెప్పే మాటలో నిజమెంతో గ్రహించే శక్తి కలుగుతుంది.

ఈ తెలివిడి తగ్గిపోతున్నదన్న ఆందోళన ఒక్క దేశానిది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విజ్ఞానం చదవడానికి వచ్చేవారి సంఖ్య, వారి అనుభవం తగ్గుతున్నట్లు ఏబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. 1980లలో పిల్లలు ఇంటి కంప్యూటర్లపై ప్రోగ్రాములు రాస్తూ పెరిగారు. తరువాతి తరం సిద్ధంగా ఉన్న యంత్రాలను వాడుకోవడంతోనే తృప్తిపడింది. ఈ లోటును పూరించాలన్న సంకల్పంతోనే వారు రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌ను రూపొందించారు. 2012లో అది 35 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అరచేతిలో ఇమిడే ఆ బోర్డుకు పెట్టె కూడా లేదు. భాగాలన్నీ కంటికి కనబడతాయి. నేర్చుకోవలసిన వయసులో ఉన్నవారికి యంత్రం లోపలి భాగం కనబడడం అవసరమన్నదే దాని వెనుకనున్న ఆలోచన.

ఇంతమాత్రాన ప్రతి ఒక్కరూ స్క్రూడ్రైవర్ పట్టుకొని బయలుదేరవలసిన పని లేదు. తెలియని పనికి తొందరపడితే నష్టం తప్పదు. కూర్పుకు పూనుకొనేవారు ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఒకదానికొకటి సరిపోతాయో లేదో ముందుగా చూసుకోవాలి. ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర పిసినారితనం చూపరాదు, నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. చెడిపోతూ తనతోపాటు ఖరీదైన భాగాలను కూడా పాడుచేయగలదు. భాగాలను ముట్టుకొనే ముందు చేతిలోని స్థిరవిద్యుత్తు పోయేలా జాగ్రత్తపడాలి. ప్రతి భాగానికీ బిల్లు తీసుకొని భద్రపరచాలి. బిల్లు లేకుండా తగ్గించిన ధర వారంటీ అక్కరపడిన రోజున రెట్టింపు భారమవుతుంది.

సాఫ్ట్‌వేర్ విషయంలో నిజాయితీ మరింత అవసరం. దొంగప్రతిని ఎక్కించుకొని ‘ఇంత మిగిలింది’ అని లెక్క చెప్పడం పొదుపు అనిపించుకోదు. అది చట్టవిరుద్ధం, వైరస్‌లకు తలుపు తీయడం కూడా. లైసెన్సు కొనే స్తోమత లేనివారికి ధర్మబద్ధమైన మార్గం లేకపోలేదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆధారంగా ఉచితంగా లభించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎన్నో ఉన్నాయి. తెలుగువారు కూడా ఈ కృషిలో పాలుపంచుకొన్నారు. హైదరాబాదు కేంద్రంగా సాగిన ‘స్వేచ్ఛ’ ఉద్యమం తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది.

కొనుగోలు, కూర్పు అన్న రెండు మార్గాల నడుమ మూడవ మార్గం ఒకటి ఉన్నది. కార్యాలయాలు కొన్నేళ్ళు వాడి మార్చివేసిన డెస్క్‌టాప్‌లను శుభ్రపరచి, పరీక్షించి తిరిగి అమ్మే వ్యాపారం నగరాలలో సాగుతున్నది. వాటిలో చాలావరకు సులువుగా తెరుచుకొంటాయి. ర్యామ్ పెంచి, ఎస్.ఎస్.డి. అమర్చితే అవి విద్యార్థి అవసరాలకు చాలినంతగా పనిచేస్తాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే అర్హతలు లేని కారణంగా, పనిచేస్తున్న యంత్రాలు ఎన్నో పక్కన పడ్డాయి. వాటిలో లినక్స్‌తో మళ్ళీ నడవగలిగినవి అనేకం. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. అందులో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి మళ్ళించినది నాలుగవ వంతుకన్నా తక్కువ. ఒక యంత్రం ఆయుష్షును మూడేళ్ళు పొడిగించిన ఇల్లు తన ఖర్చుతోపాటు నేలతల్లి భారాన్ని కూడా కొంత తగ్గించినట్లే.

కాబట్టి ఏ మార్గమైనా గొప్ప కాదు, ఏదీ తప్పు కాదు. రేపటి చదువుకు యంత్రం కావలసిన ఇంట్లో మరమ్మతు తెలిసినవారు లేకపోతే, సిద్ధంగా ఉన్న కంప్యూటర్‌ను కొనడమే వివేకం. ఇంట్లో నేర్చుకోవాలన్న ఆసక్తి, నిదానంగా వెతికే తీరిక ఉన్నచోట కూర్పు మేలు. కొనేవారైనా, కూర్చుకొనేవారైనా ఒక్క నియమాన్ని మరువరాదు. తెరవడానికి వీలులేని యంత్రాన్ని తప్పనిసరి అయితే తప్ప ఇంటికి తేకూడదు. ర్యామ్ పెంచవచ్చునా, డిస్క్ మార్చవచ్చునా, ఎస్.ఎం.పి.ఎస్. బజారులో దొరుకుతుందా అన్న మూడు ప్రశ్నలను డబ్బు చెల్లించక ముందే అడగాలి. ఈ ప్రశ్నలకు తడబడే దుకాణదారుని దగ్గర ఎంత తగ్గింపు లభించినా అది లాభం కాదు.

తల్లిదండ్రుల కష్టార్జితం పిల్లల చదువు కోసం యంత్రంగా మారి ఇంటికి వస్తున్నది. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో కొంతైనా తెలుసుకోవడం ఆ కష్టానికి పిల్లలు చూపగల గౌరవం. వారంటీ ముగిసిన తరువాతనైనా పెద్దల పర్యవేక్షణలో, కరెంటు తీగ తీసివేసి, ఒక్కసారి ఆ పెట్టెను తెరిచి చూసిన విద్యార్థి తాను వాడే వస్తువుకు యజమాని అవుతాడు. తెరిచి చూడనివారు ఎంత ధర పెట్టి కొన్నా, దానికి వాడుకరులుగానే మిగిలిపోతారు.