ఉదయం ఎనిమిదిన్నర

నిన్న ఎంత వాన పడిందో తేలేది ఈరోజు ఉదయం 8.30కి. దేశమంతటా వానమాపకంలో నీళ్లు కొలిచే వేళ అదే. కొలగ్లాసును కంటికి సమంగా పట్టుకుని, వంపు తిరిగిన నీటిమట్టపు అడుగుభాగం ఏ గీత దగ్గరుందో చూసి రాసుకుంటారు. కనీసం 2.5 మి.మీ. పడితేనే వాతావరణ శాఖ లెక్కలో అది వాన రోజు. తుంపరకే బడికి సెలవు అడిగిన మనం ఒప్పుకోం గానీ!

వాతావరణాన్ని గమనించడం లెక్కల కోసమే కాదు, ముందే హెచ్చరించడానికి కూడా. 1977 నవంబరు 19న తుపాను తెచ్చిన దివిసీమ ఉప్పెన ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మందిని మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసింది. తుపానును కనిపెట్టే అక్కడి డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. అయినా రాష్ట్రంలో మృతులు పదుల్లోనే. రెండు తుపానులూ ఒకటి కావు, ఉప్పెన ఎత్తులో పోలికే లేదు. కానీ ముందే అందిన కబురు, దాన్ని నమ్మి ఇల్లు కదిలిన జనం ఆ తేడాలో పెద్ద భాగమే అంటాను.

ఏ మండలంలో కుంభవృష్టి కురుస్తుందో రెండు రోజుల ముందు చెప్పడం ఇప్పటికీ కష్టమే. అలాంటి చోట ముప్పు అంచనాకు పాత కొలతలే ఆధారం. మీ తాతగారి డైరీలో వాన లెక్కలుంటే, కార్తెల పేర్లతో రాసినవైనా సరే, మాకు పంపండి.

— సంపాదకుడు