మహానగరంలో వానకాలం

వాన అనగానే తెలుగువారి మనస్సులో మెదిలే దృశ్యం పల్లెకు సంబంధించినది. మృగశిర కార్తె ప్రవేశించడం, నాలుగు చినుకులు పడి నేల మెత్తబడడం, ఏరువాక సాగడం, చెరువు నిండి అలుగు పారడం - ఇవన్నీ శుభసూచకాలే. సేద్యమే జీవనాధారమైన సమాజం వానను దేవతగా భావించడంలో ఆశ్చర్యం లేదు. తరతరాలుగా స్థిరపడిన ఈ భావన వల్లనే, మహానగరపు వానను కూడ అదే కన్నుతో చూడడం అలవాటైపోయింది. సముద్రపు ఒడ్డున ఎగసిపడే కెరటాలు, తడిసి మెరిసే వీధులు, వేడివేడి బజ్జీలు, ఒకే గొడుగు కింద నడిచే జంట - చలనచిత్రాలు ఈ మోహాన్ని మరింత పెంచాయి. కాని పల్లెలో పడిన వానకు పొలం ఉంది, వాగు ఉంది, చెరువు ఉంది. మహానగరంలో పడిన వానకు నిలువనీడ లేదు.

ఈ సంగతి గ్రహించడానికి ముంబయిని మించిన ఉదాహరణ దొరకదు. హైదరాబాదులో సంవత్సరానికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురిస్తే, ముంబయిలో 2,000 మిల్లీమీటర్లకు మించి కురుస్తుంది. అందులో అత్యధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే పడుతుంది. అరేబియా సముద్రం నుండి వచ్చే నైరుతి రుతుపవన మేఘాలు పడమటి కనుమలను తాకి పైకి లేచే క్రమంలో కొంకణ తీరమంతటా కుండపోతగా వర్షిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం బృహన్ముంబయి జనసంఖ్య 1 కోటి 24 లక్షలు. వారిలో నూటికి నలభైమందికి పైగా మురికివాడలలో నివసిస్తున్నారని ఆ లెక్కలే తెలిపాయి. వర్షపు అంకెను, ఈ జనుల అంకెను పక్కపక్కన ఉంచి చూస్తేనే సమస్య స్వరూపం బోధపడుతుంది.

ముంబయి మొదట ఒకే భూభాగం కాదు. ఏడు దీవుల సమూహం. ఆంగ్లేయుల పాలనలో, ముఖ్యంగా 18, 19 శతాబ్దాలలో, దీవుల నడుమ గల ఉప్పునీటి పాయలను రాళ్ళతోను, మట్టితోను పూడ్చి ఒక్కటిగా కలిపారు. పూడ్చిన చోట్లలో అనేకం పల్లంగానే మిగిలిపోయాయి. వాననీటిని సముద్రానికి చేర్చే పాత కాలువలు శతాబ్దం కిందటివి. సముద్రం ఆటులో ఉన్నప్పుడు గంటకు 25 మిల్లీమీటర్ల వాన పడితే మోయగల శక్తి మాత్రమే వాటికి కల్పించారు. ఆనాడు నేలలో చాలాభాగం మట్టినేల గనుక పడిన నీటిలో కొంత ఇంకిపోయేది. నేడు ఎటు చూసినా సిమెంటు, తారు. పడిన ప్రతి చుక్కా కాలువ దారి పట్టవలసిందే. ఇక పోటు వచ్చినప్పుడు కాలువల మూతులు సముద్రపు నీటిలో మునిగి ఉంటాయి. అప్పుడు వాననీరు బయటికి పోదు సరికదా, అడ్డు లేకపోతే సముద్రమే లోపలికి వస్తుంది. భారీ వర్షమూ, నాలుగున్నర మీటర్ల పోటూ ఒకే వేళకు కలిసి వచ్చిన రోజున పల్లపు వీధులు మునగక తప్పదు.

'వాన రాకడ, ప్రాణం పోకడ' ఎవరికీ తెలియవని తెలుగు సామెత. ఆకాశం వంక చూసి విత్తనం చల్లిన రైతు విషయంలో ఇది తగిన మాటే. ముంబయికి మాత్రం ఇది వర్తించదు. అక్కడ వాన ఏ నెలలో వస్తుందో తెలుసు. పోటు ఏ రోజున, ఏ గంటకు, ఎంత ఎత్తున వస్తుందో ముందుగానే పట్టికలలో అచ్చవుతుంది. ఏ కూడలి మొదట మునుగుతుందో ఆ పేటలోని పిల్లలు సైతం చెప్పగలరు. ఇంతగా తెలిసిన విపత్తును దైవాధీనమని సరిపెట్టుకోవడం న్యాయం కాదు.

2005 జూలై 26వ తేదీని ఆ నగరం మరువజాలదు. శాంతాక్రూజ్ కేంద్రంలో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. హైదరాబాదు ఏడాది పొడవునా చూసే వానకంటె అది ఎక్కువ. విచిత్రమేమంటే అదే సమయంలో నగరపు దక్షిణ కొసన ఉన్న కొలాబాలో పడినది సుమారు 73 మిల్లీమీటర్లే. ఒక కొస మునిగిపోతుండగా మరొక కొసన ఉన్నవారు గొడుగులతో ఇళ్ళకు బయలుదేరారు; దారి మధ్యలో నిలిచిపోయారు. నగరంలోనే నాలుగు వందలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అంతటి వానను ఏ నగరమూ తట్టుకోలేదన్న వాదంలో నిజముంది. అయితే నీటికి దారి లేకుండా చేసింది వాన కాదు. విహార్, పొవాయి చెరువుల అలుగునీటితో పుట్టి, సుమారు 18 కిలోమీటర్లు ప్రవహించి మాహిం వద్ద ఉప్పుటేరుగా సముద్రంలో కలిసే మిఠీ నదిని చూస్తే ఇది తెలుస్తుంది. దాని గట్లను గుడిసెలూ, చిన్న కర్మాగారాలూ ఆక్రమించాయి. విమానాశ్రయం కోసం దాని గమనాన్ని ఇరుకున పెట్టి వంపులు తిప్పారు. సముద్రంలో కలిసేచోట మడ అడవులున్న చిత్తడినేలను పూడ్చి బాంద్రా - కుర్లా వాణిజ్య సముదాయాన్ని నిర్మించారు. గుడిసెవాసి చేసినది ఆక్రమణ అయినప్పుడు, ప్రణాళికలు గీసి చేసినది అభివృద్ధి ఎలా అయిందో ఆలోచించదగిన విషయం.

అయితే మహావరదలను గురించి మాత్రమే మాట్లాడడం వల్ల అసలు కష్టం మరుగున పడుతుంది. పత్రికలకెక్కే వాన పదేళ్ళకొకసారి వస్తుంది. పత్రికలకెక్కని వాన ఏటా నాలుగు నెలలు ఉంటుంది. దాని బరువు మోసేవారిలో తెలుగువారూ తక్కువేమీ కాదు. కామాటిపుర అన్న పేట పేరే నిజాం రాజ్యం నుండి కూలి కోసం వెళ్ళిన కామాటీల వల్ల వచ్చింది. మిల్లుల కాలంలో తెలంగాణ నుండి పద్మశాలీలు వేలసంఖ్యలో వెళ్ళి మగ్గాలపై పనిచేశారు. పాలమూరు, కరీంనగర్ ప్రాంతాల నుండి కట్టడపు పనులకు వెళ్ళినవారు ఎందరో. ఉదయాన్నే కూడలిలో నిలబడి మేస్త్రీ పిలుపు కోసం ఎదురుచూసే అడ్డా కూలీకి వానకాలమంటే ఏమిటి? వాన పడితే పునాదులు తవ్వరు, గోడలకు సున్నం వేయరు, కాంక్రీటు పోయరు. పదిగంటల దాకా నిలబడి తడిసిన బట్టలతో గదికి తిరిగి రావడమే. నెలజీతగాడికి వాన ఒక్కొక్కసారి సెలవును ఇస్తుంది. దినకూలీకి అది పస్తును ఇస్తుంది. తోపుడుబండిపై కాయగూరలమ్మే స్త్రీకి, కాలిబాటపై చెప్పులు కుట్టేవానికి, ఇస్త్రీ బండివానికి కూడ ఇదే గతి. అద్దె మాత్రం వానకు ఆగదు.

ఇక ఆ గది సంగతి. మురికివాడలోని ఇంటికి వానకాలానికి ముందు పైకప్పుపై కొత్త టార్పాలిన్ పట్టా కప్పడం తప్పనిసరి ఖర్చు. నేలపై నీరు చేరితే మంచం మీదనే పొయ్యి, మంచం మీదనే పుస్తకాలు. ఉతికిన బట్ట మూడు రోజులకైనా ఆరదు. బియ్యానికి చెమ్మ పడుతుంది. గోడకు బూజు పడుతుంది. పసిపిల్లల ఛాతీలో నెమ్ము చేరుతుంది. సామూహిక మరుగుదొడ్ల దారి మోకాలిలోతు నీటిలో ఉన్నప్పుడు స్త్రీలు పడే అవస్థ చెప్పనలవి కానిది. కొండవాలున ఇల్లు కట్టుకున్నవారికి మరొక భయం. 2019 జూలై 2న తెల్లవారకముందే, మలాడ్‌లో ప్రహరీగోడ కూలి గుడిసెలపై పడడంతో నిద్రలో ఉన్న ఇరవైమందికి పైగా మరణించారు.

వాన వెలిసినా దాని బాధ వెలియదు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచినవారికి, కాలి పగుళ్ళ ద్వారా, చిన్న గాయాల ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. మొదట సాధారణ జ్వరంలాగానే కనిపించే ఈ వ్యాధి, సకాలంలో వైద్యం అందకపోతే మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నీటిలో నడవవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. మంచి హెచ్చరికే, కాని నడవక తప్పనివారు ఏమి చేయాలి? మలేరియా, డెంగీ జ్వరాలు సరేసరి. మలేరియాను దోమే వ్యాపింపజేస్తుందన్న సత్యానికి కీలకమైన ఆధారాన్ని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొన్నాడు. శతాబ్దానికి పైగా గడిచినా, నిలిచిన నీటిని తొలగించడమన్న చిన్నపని మహానగరాలకు పెద్దపనిగానే ఉంది.

ప్రయాణపు కష్టాలు అందరికీ తెలిసినవే. లోకల్ రైలు ఆగితే ముంబయి ఆగినట్లే. 2017 ఆగస్టు 29న నీటమునిగిన వీధిలో నడుస్తూ, మూత తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి పేరుపొందిన వైద్యుడొకరు మరణించారు. నీరు త్వరగా దిగిపోవాలన్న ఆరాటంతో మూత తీస్తే, అదే ప్రాణాంతకమైంది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 29న, హఠాత్తుగా కురిసిన వానకు తలదాచుకోవడానికి జనం ఒక రైల్వేస్టేషను పాదచారుల వంతెనపై కిక్కిరియగా, తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా అసువులు బాశారు. అక్కడ వరద లేదు, పిడుగు లేదు. ఉన్నది ఇరుకైన వంతెన మాత్రమే.

ఇంతటి వాన కురిసే నగరం నీటికి కటకటలాడడం మరొక వింత. ముంబయికి నీరందించే ఏడు జలాశయాలలో విహార్, తులసి మాత్రమే నగర పరిధిలో ఉన్నాయి. మిగిలినవన్నీ దూరాన ఉన్న భాత్సా, వైతరణ వంటి నదీ పరీవాహక ప్రాంతాలలోనివి. నగరవీధులపై పడిన నీరు మురుగులో కలిసి సముద్రం పాలవుతుంది. అందువల్ల ఇంటి ముందు మోకాలిలోతు నీరు నిలిచిన రోజున కూడ కుళాయి నీటిలో కోత ఉండవచ్చు. 2023, 2024 సంవత్సరాలలో వానకాలపు తొలి దినాలలో ఈ కోత అమలైంది కూడ.

ప్రతి వరద తరువాతా ఒక పొగడ్త వినిపిస్తుంది. నడుములోతు నీటిలో రాత్రంతా నడిచి, మరునాడే పనికి హాజరైన ముంబయి పౌరుని ఓర్పును, స్ఫూర్తిని వేనోళ్ళ కీర్తిస్తారు. 2005లో దారిన పోయేవారిని ఇళ్ళలోకి పిలిచి అన్నం పెట్టిన గృహస్థుల, మంచినీళ్ళూ బిస్కట్లూ పంచిన బస్తీ యువకుల ఔదార్యం నిస్సందేహంగా మెచ్చదగినది. కాని మరునాడే పనికి వెళ్ళడాన్ని స్ఫూర్తి అనడం తగునా? వెళ్ళకపోతే కూలి పోతుంది గనుక వెళ్ళాడు. గత్యంతరం లేకపోవడానికి గొప్ప పేరు పెడితే, సంతోషించేది కాలువలు బాగుచేయవలసినవారే. ఓర్చుకునేవారు ఉన్నంతకాలం తొందరపడవలసిన అవసరం ఎవరికీ కనబడదు. 1985 వరదల తరువాత, కాలువల శక్తిని గంటకు 50 మిల్లీమీటర్లకు పెంచాలని సూచించే నివేదిక 1993లో సిద్ధమైంది. 2005 వచ్చేదాకా దానికి ఊపు రాలేదు. హైదరాబాదు దీనికి భిన్నమైన దారి చూపిన కాలమొకటి ఉంది. 1908లో మూసీ వరద వేలమందిని బలిగొన్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలు ఆధారంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నగరమే తరువాతి కాలంలో తన చెరువులను పూడ్చుకొని, 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను మునిగింది.

ముంబయిలో ఏ పనీ జరగలేదనడం సత్యదూరమవుతుంది. హాజీ అలీ, ఇర్లా, లవ్‌గ్రోవ్ వంటి చోట్ల పెద్ద పెద్ద పంపింగ్ కేంద్రాలు వెలిశాయి. పోటు సమయంలో సైతం అవి వాననీటిని సముద్రంలోకి తోడిపోస్తున్నాయి. వాతావరణ హెచ్చరికలు మెరుగుపడ్డాయి. అయినా 2025 ఆగస్టు 19న కుంభవృష్టి నడుమ, ఎత్తైన మార్గంపై మోనోరైలు నిలిచిపోయి, వందలాది ప్రయాణికులను అగ్నిమాపక దళం వారు నిచ్చెనలతో దించవలసి వచ్చింది. పట్టాలపై లోకల్ రైళ్ళు నడవకపోవడంతో జనమంతా దానిలోకే ఎక్కారు.

ఏటా వేసవిలో కాలువలలోను, మిఠీ నదిలోను పూడిక తీయిస్తారు. తీసిన మట్టిని ఎత్తుకుపోవడం ఆలస్యమైతే, గట్టున పోసిన కుప్పలు తొలివానకే తిరిగి కాలువలో చేరుతాయి. మిఠీ పూడికతీత పేరిట కోట్లాది రూపాయల అక్రమాలు జరిగాయంటూ 2025 మే నెల మొదటివారంలో నగర పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ దర్యాప్తు సాగుతుండగానే, మే 26న, ఎన్నడూ లేనంత ముందుగా రుతుపవనాలు ముంబయికి చేరుకున్నాయి. అప్పటికి కొద్ది రోజుల కిందటనే ప్రయాణికులకు తెరిచిన, వర్లీ ప్రాంతంలోని ఒక భూగర్భ మెట్రో స్టేషనులోకి నీరు ప్రవేశించింది.