పెరటి వెనక దారి

మా కాలనీ వెనక, వాగు పక్కన మిగిలిన నాలుగు చెట్ల మధ్య సన్నని మట్టి సైకిల్ దారి ఒకటి వేద్దామని ఇరుగుపొరుగు అమెరికన్లు కొందరు ఇళ్ళ సంఘానికి అర్జీ పెట్టారు. వారం తిరక్కుండానే దానికి ఎదురు అర్జీ తయారయింది. అందులో సగానికి పైగా మన తెలుగు పేర్లే. సిగ్గు విడిచి చెబుతున్నాం, మా ఇంటి సంతకమూ ఉంది. గుమ్మంలోకి కాగితం తెస్తే చదవకుండా పెట్టాం. తరువాత చదివాం.

ఏముంది అందులో? కొత్తవాళ్ళు వస్తారట, ఇళ్ళ ధరలు పడిపోతాయట, ఎవడో కాలు విరగ్గొట్టుకుని మన మీద దావా వేస్తాడట. రుసుము పుచ్చుకోకుండా తన నేలను జనం విహారానికి వదిలిన యజమానికి వర్జీనియా చట్టం చాలావరకు రక్షణ ఇస్తుంది, మరీ ఘోరమైన అజాగ్రత్త ఉంటే తప్ప. ఇక ధరలంటారా, ఇల్లు అమ్మేటప్పుడు డబ్ల్యూ అండ్ ఓడీ బాటకు దగ్గరని గొప్పగా చెప్పుకునేది మనమే కదా! 1968లో రైళ్ళు ఆగిపోయిన ఆ పట్టాల జాగా, 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ళ బాటగా మారింది. ఒకప్పుడు ఫార్మ్‌వెల్ అనే పల్లెగా ఉన్న మన ఆష్‌బర్న్ మీదుగానే అది పోతుంది. దానివల్ల ఎవరి కొంప మునిగింది?

తారు బాట ఉండగా మట్టిదారి దేనికని మరొకరు అడిగారు. తారు బాట మీద గుంపులుగా దూసుకుపోయే సైకిళ్ళ మధ్యకు ఏడేళ్ళ పిల్లను వదిలి చూడండి, తెలుస్తుంది.

మేము వృత్తిరీత్యా వైద్యులం. మనవాళ్ళకు సన్నగా ఉన్నా చక్కెర జబ్బు వస్తుందని రోజూ చూస్తూనే ఉన్నాం. ఆసియా వాళ్ళకు బీఎంఐ 25 దాకా ఆగవద్దు, 23 దగ్గరే పరీక్ష చేయండని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో చెప్పింది. మనమేమో పిల్లల్ని బేస్‌మెంట్లో కూర్చోబెట్టి స్పెల్లింగులు చెప్పిస్తున్నాం.

పిల్లల మాట అలా ఉంచండి. గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో ఆరు నెలలకని వచ్చిన మన అమ్మానాన్నల సంగతేమిటి? వాళ్ళకు కారు రాదు. కోడలు ఆఫీసుకు, కొడుకు ఆఫీసుకు. పొద్దున తొమ్మిది మొదలు సాయంత్రం ఆరు దాకా కిటికీలోంచి డేటా సెంటర్ గోడ చూస్తూ కూర్చోవటమేనా? ఊళ్ళో చెరువు గట్టు మీద రోజుకు రెండు మైళ్ళు నడిచిన మనిషి ఇక్కడ మోకాళ్ళు పట్టేసి మా దగ్గరకు వస్తాడు. మాత్ర రాసి పంపటం మాకు సులువే. ఆయనకు కావలసింది కారెక్కకుండా చేరగల నీడ దారి.

అంత మాత్రాన అమెరికన్ల అర్జీకి కళ్ళు మూసుకుని తల ఊపమని కాదు. వాళ్ళు గీసిన గీత దిబ్బ మీంచి నిలువునా వాగులోకి దిగుతోంది, మధ్యలో గెంతటానికి దిమ్మలు. వేల డాలర్ల సైకిలున్న కుర్రాళ్ళకు అది సరదా. మన బంకమట్టిలో నిలువు దారి రెండు వానలకే కాలువైపోతుంది. దారి వాలుకు అడ్డంగా, మెలికలు తిరుగుతూ, నూటికి పది అడుగులకు మించని ఎత్తుతో, నీరు పక్కకు జారిపోయేట్టు పోవాలి. వాన కురిసినప్పుడు ఆరేదాకా మూసేయాలి. చిన్న పిల్లలకు సులువైన చుట్టు ఒకటి, నడిచేవాళ్ళకు ముందు హక్కు. ఇవి ఒప్పుకుంటేనే మన ఓటు. పిడుదులున్న మాట నిజం, లైమ్ జబ్బు ఇక్కడ ఉంది. గడ్డి కోసి దారి వెడల్పు చేస్తే ఆ బాధ తగ్గుతుంది. ఇంటికి రాగానే కాళ్ళు చూసుకోవాలి.

అయితే గడ్డి కోసేదెవరు? గుడికి వెయ్యి డాలర్ల చెక్కు రాస్తాం గాని, శనివారం పూట పార పట్టమంటే పిల్లల సంగీతం క్లాసు అడ్డొస్తుంది మనకు.

సంఘం సమావేశం వచ్చే నెలలో. సంతకం వెనక్కు తీసుకునే కాగితం మా ఇంట్లో ఉంది, మొదటి పేరు మాదే. రెండు పారలు కూడా కొన్నాం.