మోడల్ బందైతే పేరు చూసి కొనకుండ్రి, విప్పి చూసి కొనుండ్రి



నెల దినాల సంది మన గ్రూపులో ఒకటే లొల్లి. "థింక్‌ప్యాడ్ టీ480 కొత్తది వస్తలేదు, దాని జాగల ఏం కొనాలె?" జవాబు చెప్పేటోళ్లంతా ఒకటే మాట మీద ఉన్నరు: "లేటెస్టుది తీసుకో, సన్నగుంటది." నేను దీనికి అడ్డం చెప్తున్న. పోస్టు జర పొడుగున్నది, ఓటీ లేని రోజు చదువుండ్రి.

ముందు ఆ మోడల్ మనకు ఎందుకు నచ్చిందో యాది చేసుకుందాం. 2018లో వచ్చింది. వెనక బ్యాటరీ రెండు గొళ్లాలు జరిపితే చేతిలోకి వస్తది. లోపల ఇంకో చిన్న బ్యాటరీ ఉంటది కాబట్టి, వెనకది మార్చేటప్పుడు కూడా లాప్‌టాప్ బంద్ కాదు. ర్యామ్‌కు రెండు స్లాట్లు. అడుగు మూత విప్పితే ర్యామ్, డిస్కు, ఫ్యాను అన్నీ కనపడతయి. అందుకే సైట్ల మీద సిమెంటు దుమ్ములో నడిచింది, ఊర్లో కరెంటు పోయినా నడిచింది. మనకు నచ్చింది ఆ పేరు కాదు. అది మన చేతికి అందే సామాను, అందుకు నచ్చింది.

2019లో దాని తర్వాత టీ490 వచ్చింది. చూస్తే రెండూ అన్నదమ్ముల లెక్క ఉంటయి. కానీ బయటికి తీసే బ్యాటరీ పోయింది. రెండు ర్యామ్ స్లాట్లలో ఒకటి పోయి, కొంత ర్యామ్‌ను బోర్డుకే అతికించిన్రు. నంబరు పది పెరిగింది, మన చేతిలో ఉండే పని తగ్గింది. దుకాణంలో అడిగితే "సేమ్ భాయ్, న్యూ మోడల్" అంటడు. సేమ్ ఎట్లైతది?

పేరు మీద నమ్మకం పెట్టుకున్నోళ్లకు ఇంకో సంగతి. డెల్ కంపెనీ 2025 జనవరిలో లాటిట్యూడ్ అనే పేరునే తీసేస్తున్నమని చెప్పి, డెల్ ప్రో అని పెట్టింది. ఇన్నేండ్ల పేరు ఒక్క రోజులో పోయింది. పేరు కంపెనీది, వాళ్ల ఇష్టం. పైసలు మనయి, అవి ఎట్ల పెట్టాల్నో మన ఇష్టం ఉండాలె.

మన పని లెక్కనే చెప్తా. బాత్రూం పైపులకు షాఫ్టులో యాక్సెస్ ప్యానెల్ ఎందుకు పెడతం? రేపు లీకైతే ప్యానెల్ తీసి జాయింటు మార్చాలని. ప్యానెల్ లేకుండా టైల్స్ వేసి "చూడు, గోడ ఎంత నున్నగున్నదో" అన్నోన్ని మన ఇంజనీరు సైటు మీద నిలవనిస్తడా? అసొంటి పనిని లాప్‌టాప్‌లో చేసి, అందం అని చెప్పి, ఎక్కువ పైసలకు మనకే అమ్ముతున్నరు. మనం ఫొటో దిగి ఇంటికి పంపుతున్నం.

సన్నగా చేయాలంటే అతికించక తప్పదు అంటరు. మరి అదే థింక్‌ప్యాడ్‌లో 2024లో వచ్చిన టీ14 జెన్ 5కు రెండు ర్యామ్ స్లాట్లు మళ్లీ ఎట్ల వచ్చినయి? చేయాలనుకుంటే అయితదన్నట్టే కదా. యూరప్‌లో అయితే 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇసొంటి సామాన్లలో బ్యాటరీని కొన్నోడే తీసి మార్చుకునేటట్టు ఉండాలని చట్టమే చేసిన్రు. వాళ్లకు అక్కర ఉన్నది, మనకు లేదా?

అతికించిన దాని నష్టం ఎవరి మీద పడుతది? ఆఫీసులో కూసునేటోనికి కంపెనీ కొత్తది ఇస్తది. మన హెల్పర్ తమ్మునికి అది రెండు నెలల జీతం. నా పక్క రూమ్ తమ్ముడు బిడ్డ బీటెక్‌ల చేరిందని పెద్ద మాల్‌లో సన్నది, మెరిసేది కొన్నడు. 8 జీబీ, అతికించిందే. రెండో ఏడు వచ్చేసరికి కాలేజీ సాఫ్ట్‌వేర్లకు అది సాలలేదు. స్లాటు ఉంటే ఇంకో ర్యామ్ ముక్క పెడితే అయిపోవు. లేదు కాబట్టి "కొత్తది తీసుకోండి" అని చెప్పి పంపిన్రు. ఆ పిల్లది తప్పా? తండ్రిది తప్పా? మూత పెట్టి గోడ కట్టినోనిది తప్పు.

"దుబాయి పోయి సెకండ్ హ్యాండ్ తెచ్చిండు అంటరు, ఇజ్జత్ పోతది" అనేటోళ్లు ఉన్నరు. కిస్తీలు కట్టలేక రూమ్‌మేట్ దగ్గర చెయ్యి చాపితే ఇజ్జత్ ఉంటదా? సూట్‌కేసు విప్పినప్పుడు చూసేటోళ్లు ఒక్క పూట చూస్తరు. పిల్లలు నాలుగేండ్లు వాడాలె.

"విండోస్ 10 బందైంది కదా" అనేటోళ్ల మాట నిజమే. 2025 అక్టోబర్ 14తోని దాని సపోర్టు అయిపోయింది. అందుకని పాతదంతా చెత్త కాదు. టీ480లో ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ ఉన్నదానికి విండోస్ 11 వస్తది. అదే పేరుతో ఏడో జనరేషన్‌ది కూడా ఉన్నది, దానికి రాదు. చూసిన్రా, ఇక్కడ కూడా పేరు మోసం చేస్తది.

ఇగ కొనేటప్పుడు ఇవి చూడుండ్రి. పాతదైనా, కొత్తదైనా.

1. ర్యామ్ స్లాటులో ఉన్నదా, బోర్డుకు అతికించిన్రా? మోడల్ పూర్తి పేరు రాసుకొని ఇంటర్నెట్‌లో దాని సర్వీస్ మాన్యువల్ చూడాలె. కంపెనీలే ఫ్రీగా పెడతయి.

2. బ్యాటరీ బయటికి రాకున్నా పర్వాలేదు, లోపల స్క్రూలతోని ఉండాలె, జిగురుతోని కాదు. పాతదైతే విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించి, డిజైన్ కెపాసిటీకి ఇప్పటి ఫుల్ చార్జ్ ఎంత తక్కువున్నదో చూడాలె.

3. టీ480 కొంటే ప్రాసెసర్ నంబరు ఐ5-8250 గాని, 8350 గాని ఉన్నదా చూడాలె.

4. పాత ఆఫీసు లాప్‌టాప్‌లకు బయోస్ పాస్‌వర్డ్ ఉండొచ్చు. దుకాణంలోనే ఆన్ చేయించి, బయోస్‌లోకి పోయి చూడాలె. పైసలు ఇచ్చినంక కాదు.

5. కొత్తదైతే వారంటీ ఇండియాలో కూడా నడుస్తదా అని బిల్లు మీద రాయించుకోవాలె. నోటి మాట ఎయిర్‌పోర్టు దాటదు.

6. సెలవు మీద పోయేటప్పుడు 18 ఏండ్లు దాటిన మనిషికి ఒక లాప్‌టాప్‌కు కస్టమ్స్ సుంకం లేదు. స్పేర్ బ్యాటరీ హ్యాండ్ బ్యాగులోనే పెట్టాలె, లగేజీలో వేయొద్దు.

తేలికది కొనొద్దని నేను అంటలేను. రోజూ భుజానికి వేసుకొని తిరిగేటోడు, పైసలున్నోడు కొనుక్కోనీ. కానీ ఒక్కసారే కొనగలిగే మనిషికి, సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలో కూడా దొరకని ఇంటికి, మూత తెరుచుకోని సామాను అంటగట్టే సలహా మాత్రం ఇయ్యకుండ్రి.

మీరు వాడే మోడల్ ఏదైనా సరే, పూర్తి నంబరు, ర్యామ్ స్లాట్లు ఎన్ని, బ్యాటరీ ఎట్ల వస్తది, ఈ మూడూ కింద రాయుండ్రి. వచ్చే నెల సెలవు మీద పోయే తమ్ముళ్లు చానా మంది ఉన్నరు, వాళ్లకు పనికొస్తది.