కణితిలో మార్పు వంశానికి మచ్చ కాదు

నల్గొండ, సూర్యాపేట, ఇబ్రహీంపట్నం వైపు నుంచి రోగులను తీసుకుని వచ్చే పల్లె జనం దిగేది ఎల్.బి.నగర్‌లోనే. అక్కడ మెట్రో రైలు ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నేరుగా లక్డీకాపూల్ చేరవచ్చు. ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి అక్కడికి దగ్గరే. దారి సులువయింది. చేతికిచ్చే కాగితం మాత్రం అర్థం కావడం లేదు.

ఊపిరితిత్తుల కేన్సర్ రోగి కణితి ముక్కను పరీక్షించి ‘ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉంది’ అని రాసిస్తారు. మ్యుటేషన్ అంటే జన్యువులో మార్పు. జన్యువు మాట వినగానే ‘ఇది వంశంలోనే ఉందట’ అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. పెళ్లీడు పిల్లలున్న ఇల్లయితే ఆ కాగితం పెట్టె అడుగుకు చేరుతుంది. రోగి వైద్యం కూడా దానితో పాటే మూలన పడుతుంది.

ఈ భయానికి చాలావరకు ఆధారం లేదు. చెట్టు కొమ్మకు తెగులు పట్టినంత మాత్రాన విత్తనం చెడ్డదని రైతు అనడు. ఇదీ అంతే. ఈ మార్పు సాధారణంగా కణితిలో మాత్రమే, పుట్టిన తర్వాత ఎప్పుడో ఏర్పడుతుంది. బిడ్డలకు సంక్రమించదు. పైగా రోగికి అది ఒక దారి చూపుతుంది. ఈ మార్పు ఉన్నవారికి ప్రత్యేకంగా పనిచేసే మాత్రలున్నాయి. ఆ సంగతి 2004లోనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. కాగితం దాచిపెడితే ఆ మందు అందకుండా పోతుంది.

పుట్టుకతో వచ్చే మార్పు అసలు లేదని కాదు. ‘టి790ఎం’ అనే మార్పు కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డలకు వస్తున్నట్లు 2005లో బయటపడింది. అది ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల్లో నూటికి ఒకరిలో కూడా కనిపించదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. అయితే మాత్రలు వాడుతున్న రోగి కణితిలో ఇదే మార్పు కొత్తగా పుట్టడం మామూలే. మందు మొదలుపెట్టక ముందే అది కనిపిస్తే మాత్రం ఇంటివారికి రక్తపరీక్ష అవసరమా అని డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

వంశం పేరు చెప్పి మరో పొరపాటూ చేస్తున్నారు. ‘మా తాత ఎనభై ఏళ్లు చుట్ట తాగాడు, ఏమీ కాలేదు, మా రక్తం గట్టిది’ అని బీడీ వెలిగించేవారు ప్రతి రచ్చబండ దగ్గరా ఉన్నారు. పొగతాగేవారికి ఈ జబ్బు ముప్పు తాగనివారి కంటే 15 రెట్లకు పైనే. తల్లిదండ్రులకో తోబుట్టువులకో జబ్బు వచ్చినప్పుడు ముప్పు పెరిగేది సుమారు ఒకటిన్నర రెట్లు. అందులోనూ ఒకే ఇంట్లో పీల్చిన పొగ వాటా ఎంతో కొంత ఉంటుంది. పుట్టుకను మార్చుకోలేం. బీడీ పారేయడం మన చేతిలోనే ఉంది. పొగ ముట్టని ఆడవారికీ ఈ జబ్బు వస్తోంది కనుక, వారాల తరబడి వదలని దగ్గును ఎవరూ తేలిగ్గా తీసుకోరాదు.

తప్పంతా పల్లె జనానిదే అనడం న్యాయం కాదు. ఇంగ్లీషు ముక్క చేతిలో పెట్టి పంపితే వారికేం తెలుస్తుంది? ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల పరీక్షా కేంద్రాలు ఫలితంతో పాటు తెలుగులో నాలుగు వాక్యాలు జతచేయాలి. ‘ఈ మార్పు కణితిలోనిదా, పుట్టుకతోనిదా? తర్వాత ఎవరిని కలవాలి?’ అన్నది అందులో ఉంటే చాలు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న స్థలంలో పెద్దాస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. అందులో జన్యు సలహా విభాగానికి చోటివ్వాలి. జన్యువులపై పరిశోధించే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థలు ఉప్పల్ వైపే ఉన్నాయి. ఇంత విజ్ఞానం పక్కనే పెట్టుకుని పల్లె మనిషిని చీకట్లో ఉంచడం తగదు.

ఇప్పటికే ఆ కాగితం పెట్టెలో దాచినవారు వెంటనే బయటకు తీసి డాక్టరుకు చూపాలి. అది ఇంటి పరువు పత్రం కాదు. రోగి మందు చీటీకి దారి.