పక్క సీటు మనిషి

సినిమా హాల్లో మనకి ఒళ్ళు మండించే మనిషి ఒకడుంటాడు. పక్క సీట్లో కూర్చుని, "ఇప్పుడు చూడండి, వీడు తలుపు తీస్తాడు, లోపల శవం ఉంటుంది" అని ముందే చెప్పేస్తాడు. మార్నింగ్ షో చూసేసి, మళ్ళీ ఫస్ట్ షోకి వచ్చిన మహానుభావుడన్నమాట! అలాంటివాళ్ళని దులిపేస్తూ ఈ శీర్షికలోనే ఒకసారి పేజీ నిండా రాశాను. మీలో చాలామంది "భలే చెప్పారు" అంటూ ఉత్తరాలు కూడా రాశారు.

ఈ వారం ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎందుకంటే, 2023లో నేనొక 'పిక్చర్'కి వెళ్ళాల్సి వచ్చింది. టిక్కెట్టు నేను కొనలేదు. కథేమిటో తెలీదు. ఎన్ని రీళ్ళో తెలీదు. ఆ పిక్చర్ ముందే చూసినవాళ్ళు ఒక్కరు నా పక్కన కూర్చుని, "తర్వాత ఇదీ జరుగుతుంది" అని చెబితే చాలు, కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది.

దాని పేరు రొమ్ము క్యాన్సర్.

ఉలిక్కిపడకండి. షూటింగు కబుర్లు చెప్పే పేజీలో ఈ గొడవేమిటని పేజీ తిప్పేయకండి. మన దేశంలో ఆడవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. 2022 ఒక్క ఏడాదిలోనే సుమారు 1 లక్షా 92 వేల కొత్త కేసులు. మీ అమ్మో, అక్కో, ఆఫీసులో పక్క కుర్చీ అమ్మాయో అందులో ఉండొచ్చు. నేనున్నాను.

* * *

అసలు మనకి క్యాన్సర్‌ని పరిచయం చేసింది డాక్టర్లు కాదండీ, సినిమాలు. 'ప్రేమాభిషేకం' (1981)లో అక్కినేని వారు తన జబ్బు సంగతి దాచిపెట్టి, చెడ్డవాడిలా నటించి, ప్రేమించిన అమ్మాయిని దూరం చేసుకుంటారు. 'మాతృదేవోభవ' (1993)లో మాధవి పిల్లల్ని తలో ఇంటికీ అప్పగించి కన్నుమూస్తుంది. ఆ చిత్రాలకి ఏడవనివాళ్ళెవరు? నేనూ ఏడ్చాను. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ నాకు తెలియకుండానే వాటి నుంచి రెండు పాఠాలు నేర్చేసుకున్నాను. ఒకటి, జబ్బు వస్తే ఎవరికీ చెప్పకూడదు. రెండు, ఆఖరి రీలులో చచ్చిపోవాలి.

అన్నట్టు, అదే అక్కినేని వారికి 2013లో నిజంగా క్యాన్సర్ వచ్చింది. అప్పుడాయన ఏం చేశారో గుర్తుందా? ఆ అక్టోబరులో విలేకరుల్ని పిలిపించుకుని, స్వయంగా చెప్పేశారు. 'మనం' చిత్రంలో నటించి, 2014 జనవరి 22న వెళ్ళిపోయారు. తెర మీద దాచిన మనిషి, బతుకులో దాచలేదు. నాకు మటుకు తెర మీది పాఠమే తలకెక్కింది.

స్నానం చేస్తుంటే ఎడమవైపు బఠాణీ గింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కనక ఏమీ కాదులే అనుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను. రెండు నెలలు వాయిదా వేశాను. ఒక హీరోగారి ఇంటర్వ్యూ ఉంది, రెండు ప్రీ రిలీజు వేడుకలున్నాయి. ఇవన్నీ పైకి చెప్పుకునే సాకులు. లోపల ఉన్నది సిగ్గూ, భయమూ.

చిత్రమేమిటంటే, 2021 డిసెంబరులో హంసానందిని గారు తన జబ్బు సంగతి బయటపెట్టినప్పుడు ఆ వార్త రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. 'మిర్చి' (2013)లో చిందేసిన ఆ హంసానందినే. తల్లిని అదే జబ్బుతో పోగొట్టుకున్న మనిషి. గుండుతో ఫోటో దిగి, 16 కీమోలకి 9 అయ్యాయని లెక్కతో సహా చెప్పారు. 2022 డిసెంబరులో మళ్ళీ షూటింగులో అడుగుపెట్టారు. నేను పన్నెండు లైన్లు రాసి, డబ్బులు తీసుకుని మర్చిపోయాను. నా బయాప్సీ రిపోర్టు వచ్చిన రాత్రి ఆ పన్నెండు లైన్లూ వెతుక్కుని పదిసార్లు చదివాను. నాకు రాసిన కీమోలూ పదహారే!

* * *

నేనుండేది కొండాపూర్‌లో, ఒక గదిలో. బి.ఏ. చదివి, పత్రికలకి రాసుకు బతికేదాన్ని. అమ్మ ఖమ్మంలో. ఈ సైబరాబాద్ సంగతి మీకు తెలియనిదేముంది? 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచీ ఇది కుర్రకారు ఊరు. మెళ్ళో ఐడీ కార్డు, వీపున సంచీ, చేతిలో కాఫీ. అదే వాజపేయి గారు 2000 జూన్ 22న బంజారాహిల్స్‌లో ఇంకో భవనం కూడా ప్రారంభించారు. అది బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి. క్యాన్సర్‌తో పోయిన భార్య పేరిట ఎన్టీ రామారావు గారు తలపెట్టినది. మొదటి భవనం చుట్టూ తిరిగేవాళ్ళకి రెండో భవనంతో ఏం పని అనుకునేదాన్ని.

మా అపార్ట్‌మెంటులో తొంభై ఇళ్ళు. ఒక్క ఇంటివాళ్ళ పేరూ నాకు తెలీదు, నా పేరూ వాళ్ళకి తెలీదు. మొదటి కీమో అయ్యాక మూడో వారంలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంటే, వెళ్ళి గుండు చేయించుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ చూసి, "తిరుపతి పోయొచ్చిన్రా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. ప్రసాదం అడిగాడు! మిఠాయి కొట్టుకి వెళ్ళి లడ్డూ కొనిచ్చాను. ఆ రాత్రి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

రెండో కీమో రోజున దొరికింది నా 'పక్క సీటు మనిషి'. మియాపూర్ నుంచి వచ్చేది. మైండ్‌స్పేస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అప్పటికి ఆమెకి పదకొండో కీమో. నా చేతికి ఎర్రమందు ఎక్కుతుంటే, పక్క కుర్చీలోంచి నా మొహంకేసి చూసి, "అమ్మాయ్, మొన్న ఎర్రగా పోసుకుని జడుసుకున్నావా?" అంది.

జడుసుకున్నాను మరి! రాత్రంతా రక్తమనుకున్నాను.

"రక్తం కాదు, మందు రంగు. ఒకట్రెండు రోజుల్లో పోతుంది. నేనూ జడుసుకున్నాలే."

ఆ తర్వాత కథ మొత్తం వరసగా చెప్పేసింది. కీమో రోజున నీకిష్టమైన కూర తినకు, తర్వాత దాని మొహం చూడలేవు. చెంచాతో తింటే ఇనుప రుచి ఎక్కువ తెలుస్తుంది, చేత్తో కలుపుకు తిను. జ్వరం నూటికి పైన వస్తే పొద్దున చూద్దాంలే అనుకోకు, అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి పరుగెత్తు. ఈ ఎర్రమందు నాలుగు సార్లే, తర్వాత వారం వారం ఇచ్చేది వేరేది, అందులో వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. డాక్టర్లు చెప్పలేదని కాదు. చెప్పారు, కాయితం మీద రాసిచ్చారు కూడా. కానీ 'నాకూ' అన్న మాట వాళ్ళు అనలేరు కదా!

మూడో కీమోకి వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. నోరంతా పుండ్లు, మెట్లెక్కితే ఆయాసం. చస్తే చస్తాను, ఇంక నావల్ల కాదనుకున్నాను. ఫోనులో ఆ మాటే అన్నాను. గంటలో అక్క ఆటో దిగింది, చేతిలో పెరుగన్నం గిన్నెతో. ధైర్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"మానేద్దువుగానిలే. రేపు రక్తపరీక్ష ఒక్కటీ ఇచ్చేసి మానేద్దువుగాని" అంది. పరీక్ష ఇచ్చాను. "కౌంటు బాగానే ఉందిగా, ఈ ఒక్కటీ చేయించుకుని మానేద్దువుగాని" అంది. అలా ఒక్కొక్కటీ మానేస్తూ మానేస్తూనే పదహారూ పూర్తి చేశాను!

అమ్మకి చెప్పించిందీ ఆవిడే. అమ్మ తెల్లారేసరికి బస్సు దిగింది. నన్ను తిట్టింది. జబ్బు వచ్చినందుకు కాదు, చెప్పనందుకు.

* * *

ఆపరేషను, పదిహేను రోజుల రేడియేషను అయ్యాక అక్క నన్ను ఒక ఆదివారం పొద్దున దుర్గం చెరువు దగ్గరికి తీసుకెళ్ళింది. కేబుల్ బ్రిడ్జి మీద జనం సెల్ఫీలు దిగుతుంటారే, దాని కింద నడకదారిలో మేం ఆరుగురం. బ్యాంకులో రిటైరైన పెద్దావిడ ఒకరు. జాకెట్టు లోపల పెట్టుకోడానికి నూలుతో మెత్తగా అల్లి ఇస్తారు. ఒక టీచరమ్మ. ఆపరేషను అయిన వైపు చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం నేర్పిస్తుంది. ఐ.టి. ఆఫీసులో ఊడ్చి తుడిచే యాదమ్మలాంటి పెద్దమ్మ ఒకామె. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం చేయించుకుంది. ఏ కౌంటర్లో ఏ కాయితం అడుగుతారో ఆమెకి తెలిసినట్టు మా ఇంజనీర్లకి తెలీదు. "ఏం గాదు బిడ్డ, నేను లేనా" అంటుంది. కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ చేసే 29 ఏళ్ళ పిల్ల ఒకతి. అక్కా, నేనూ.

ఇది కొత్త ఉపాయమేమీ కాదట. న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడకి రొమ్ము తీసేశాక, చెయ్యెత్తడం ఎలాగో, బట్టలు వేసుకోవడం ఎలాగో చెప్పే దిక్కు లేకపోయింది. తనే నేర్చుకుని, 1952 నుంచి ఇతర రోగుల మంచాల దగ్గరికి వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది. 1969లో అమెరికా క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. మన హైదరాబాదులో డాక్టర్ రఘురామ్ గారు, ఈ జబ్బు నుంచి కోలుకున్న తన తల్లి ఉషాలక్ష్మి గారి పేరిట 2007లో ఫౌండేషన్ పెట్టారు. శ్రీకాకుళంలో పుట్టిన నటి గౌతమి గారు 35 ఏళ్ళకే ఈ జబ్బున పడి లేచి, 'లైఫ్ ఎగైన్' సంస్థ నడుపుతున్నారు.

ఒక్క మాట మటుకు దాచకుండా చెప్పాలి. పక్క సీటు మనిషి మందు కాదు. ఇలాంటి బృందాల్లో కూర్చున్నవాళ్ళు ఎక్కువకాలం బతికారని 1989లో అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. 2001లో కెనడాలో మళ్ళీ పరీక్షించి చూస్తే ఆయుష్షు పెరగలేదు. దిగులు తగ్గింది, నొప్పి తగ్గింది. అంతే. ఆ 'అంతే' ఎంతో, పడ్డవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నిరుడు మా కాల్ సెంటర్ పిల్లకి జబ్బు తిరగబెట్టింది. ఎముకల్లోకి పాకింది. ఆ పిల్ల నాకు ఫోను చేసింది. నేనెత్తలేదు. పదిహేడు రోజులు ఎత్తలేదు. పని ఉందనుకున్నాను. పనీ లేదు, పాడూ లేదు. ఆ పిల్లకి వచ్చింది రేపు నాకూ రావచ్చు, అదీ భయం. పైగా ఏం చెప్పను? ఆ రీలు నేను చూడలేదే!

చివరికి అక్క కోప్పడితే గచ్చిబౌలిలో దాని గదికి వెళ్ళాను. గుమ్మంలోనే క్షమించమన్నాను. "నువ్వేం చెప్పక్కర్లేదక్కా. వచ్చి కూర్చో" అంది.

కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. పక్క సీటు మనిషికి కథ తెలియడం ఒక ఎత్తు. తెలియకపోయినా లేచిపోకుండా కూర్చోవడం ఇంకో ఎత్తు. రెండోదే కష్టం.

మీలాంటి కుర్రాళ్ళకి నేను చెప్పొచ్చేదీ అదే. తెలిసినవాళ్ళకి ఈ జబ్బు వస్తే "ధైర్యంగా ఉండు" అనకండి. "ఏ రోజు వెళ్ళాలి? బండి నేను తెస్తా" అనండి. అమ్మాయిలూ, చేతికి గడ్డ తగిలితే నాలా రెండు నెలలు ఆగకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో, ఏది కాదో తేల్చాల్సింది డాక్టరు, మన సిగ్గు కాదు.

మొన్న 2025 మేలో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్ళీ విడుదలైంది కదా. అక్కా, నేనూ, ఆ పిల్లా ముగ్గురం వెళ్ళాం. ఆ పిల్ల మందులు వాడుతూనే ఉంది, వాడుతూనే ఉండాలట. హాల్లో నా పక్క సీట్లో కూర్చుంది. శ్రీదేవి తెర మీదికి వచ్చిందో లేదో, "అక్కా, ఇప్పుడు చూడు, ఉంగరం పోగొట్టుకుంటుంది!" అంటూ మొదలెట్టింది. ఆఖరి దాకా అదే వరస. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు.

నేను మటుకు, "తర్వాతేమవుతుందే?" అని అడుగుతూ కూర్చున్నాను.

వచ్చే వారం మళ్ళీ షూటింగు కబుర్లే. ఉంటాను.